ఇసుక దిబ్బలపై కార్ల బిడారు

సెలవుల్లో సరదాగా మొదలైన ఎడారి యాత్రలు ఇసుక గురించి ఒక కొత్త శాస్త్రానికి దారితీశాయి. ఈ రోజు దిబ్బలెక్కే జీపులకూ, అంగారకుడిపై తిరిగే రోవర్లకూ, థార్ ఎడారిలో మొక్కలు నాటే వారికీ ఆ శాస్త్రమే ఆధారం.

ఈజిప్టు పశ్చిమ ఎడారిలో అయిన్ దల్లా అనే చిన్న నీటి ఊట ఉంది. అది దాటాక మహా ఇసుక సముద్రం మొదలవుతుంది. దాని విస్తీర్ణం సుమారు 72 వేల చదరపు కిలోమీటర్లు. అందులో నీరు లేదు, చెట్టు లేదు, మనిషి కాపురం లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసలు కట్టిన ఇసుక దిబ్బలు మాత్రమే ఉన్నాయి. కొన్ని వంద మీటర్లకు పైగా లేచి ఉంటాయి. 1929-30 యాత్రల్లో కొద్దిమంది బ్రిటిష్ సైనికాధికారులు, వారి మిత్రులు ఫోర్డ్ కార్లలో ఈ దిబ్బల ముందుకు వచ్చారు. కార్లు వీటిని ఎక్కలేవని అప్పటికి అందరి నమ్మకం.

వారిలో ఒకరైన రాల్ఫ్ బాగ్నోల్డ్ తన బండిని దిబ్బకు నిటారుగా తిప్పి, గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగం అందుకుని నేరుగా దాని మీదకు నడిపారు. ఎండలో తెల్లగా మెరిసే ఇసుకలో నీడలుండవు. ఎదుట ఉన్నది వాలో గోడో కంటికి తెలియదు. ఇసుక మెత్తగా ఉంటే బండి ముక్కు దిగబడి తిరగబడుతుంది. ఇరుసు విరిగితే ఆ ఇసుకలో కాలినడకే గతి. కానీ బండి ముందు భాగం ఒక్కసారిగా పైకి లేచింది. కుదుపులు ఆగిపోయాయి. కొద్ది క్షణాల తరువాత వారు దిబ్బ మీద ఉన్నారు. చక్రాలు కొన్ని అంగుళాలు కూడా దిగబడలేదు.

బండి ఎందుకు దిగబడలేదు? ఈ ప్రశ్న బాగ్నోల్డ్‌ను జీవితాంతం వదల్లేదు.

ఒంటెలకూ కష్టమైన దారి

ఇసుక సముద్రాన్ని దాటాలని అంతకు ముందూ ప్రయత్నించారు. 1874లో జర్మన్ అన్వేషకుడు గెరార్డ్ రోల్ఫ్స్ ఒంటెల బిడారుతో దఖ్లా ఒయాసిస్సు నుంచి పడమరగా కుఫ్రాకు బయలుదేరారు. దారికి అడ్డంగా ఒకదాని వెనక ఒకటిగా దిబ్బల గోడలు వచ్చాయి. చివరకు ఆయన పడమర దారి వదిలి, రెండు దిబ్బల వరుసల మధ్య సందులోంచి ఉత్తరంగా నడిచి సివా ఒయాసిస్సు చేరుకున్నారు. 1920ల్లో ఈజిప్టు రాకుమారుడు కమాలుద్దీన్ హుస్సేన్ వెనక చక్రాల స్థానంలో రబ్బరు పట్టాలున్న సిట్రోయెన్ వాహనాలతో ఎడారిలో చాలా దూరం వెళ్లారు. అయితే అలాంటి బండ్లు ఖరీదైనవి. ఇంధనం కూడా ఎక్కువ తాగుతాయి.

బాగ్నోల్డ్ మిత్రబృందానికి అంత స్తోమత లేదు. సైన్యంలో సెలవు దొరికినప్పుడు సొంత డబ్బుతో వెళ్లేవారు. వాడినవి మామూలు ఫోర్డ్ మోడల్ టి, మోడల్ ఏ కార్లే. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఏర్పాటు వాటిలో లేదు, వెనక రెండు చక్రాలే బండిని తోసేవి. బరువు తగ్గించడానికి పైకప్పు, బానెట్ వంటివి విప్పేసి వెళ్లేవారు. బృందంలో సూడాన్ అటవీ శాఖలో పనిచేసిన బిల్ కెనెడీ షా వంటి ఎడారి అనుభవజ్ఞులు కూడా ఉండేవారు. కథల్లో వినిపించే జెర్జూరా అనే తప్పిపోయిన ఒయాసిస్సును వెతకాలన్న ఉబలాటం కూడా వారిని నడిపించింది. జెర్జూరా దొరకలేదు. ఇసుక మీద బండి నడపడం ఎలాగో మాత్రం తెలిసింది.

గట్టి ఇసుక ఎక్కడ, మెత్తని ఇసుక ఎక్కడ

సముద్రపు ఒడ్డున నడిచిన వారికి ఒక సంగతి తెలుసు. నీటి అంచున తడి ఇసుక మీద అడుగు నిలుస్తుంది. కాస్త పైకి వచ్చి పొడి ఇసుకలో నడిస్తే మడమ దిగబడుతుంది. తడి రేణువుల మధ్య ఉండే పల్చటి నీటి పొర వాటిని ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది. మరి తడే లేని ఎడారిలో ఒకచోట బండి తారురోడ్డు మీద పోయినట్టు పోతూ, నాలుగు అడుగుల అవతల ఇరుసు దాకా ఎందుకు కూరుకుపోతుంది?

రేణువులు సర్దుకున్న తీరే దీనికి కారణం. ఒక డబ్బాలో బియ్యం పోసి నాలుగుసార్లు తట్టితే మట్టం దిగుతుంది. గింజల సంఖ్య తగ్గలేదు, వాటి మధ్య ఖాళీ తగ్గింది. ఇసుక కూడా అంతే. గోళాకారపు రేణువులను ఎలాపడితే అలా దట్టంగా కుదిస్తే అవి స్థలంలో దాదాపు 64 శాతం ఆక్రమిస్తాయి. వదులుగా పడితే 55 నుంచి 60 శాతం మాత్రమే. చూడటానికి చిన్న తేడాయే. బండి బరువు మోయడంలో మాత్రం అది చాలా పెద్ద తేడా. దట్టంగా ఉన్న రేణువులు కదలాలంటే ఒకదాని భుజం మీదుగా మరొకటి ఎక్కాలి. అంటే ఇసుక మొత్తం కాస్త ఉబ్బాలి. పైనున్న బరువు ఆ ఉబ్బును అడ్డుకుంటుంది కాబట్టి ఇసుక గట్టిగా నిలబడుతుంది. ఈ గుణాన్ని 1885లోనే ఆస్బోర్న్ రేనాల్డ్స్ వివరించారు. వదులు ఇసుకలో ఆ అడ్డు లేదు. బరువు పడగానే రేణువులు ఖాళీల్లోకి జారిపోతాయి, చక్రం దిగబడుతుంది.

ఏ ఇసుక దట్టంగా ఉంటుందో గాలే నిర్ణయిస్తుంది. దిబ్బకు రెండు వైపులు ఉంటాయి. గాలికి ఎదురుగా ఉన్న వైపు ఏటవాలుగా, పది పన్నెండు డిగ్రీల వాలుతో మెల్లగా లేస్తుంది. అక్కడ గాలి ఒక్కొక్క రేణువును తెచ్చి కొట్టి, ముందున్న వాటి సందుల్లో ఇరికిస్తుంది. అందుకే ఆ వాలు గట్టిగా ఉంటుంది. గాలి చాటున ఉన్న రెండో వైపు కథ వేరు. శిఖరం దాటిన రేణువులు అక్కడ కుప్పగా పోగవుతాయి. వాలు సుమారు 34 డిగ్రీలు దాటితే కుప్ప మొత్తం ఒక్కసారిగా కిందికి జారుతుంది. దీన్నే జారుడు ముఖం అంటారు. జారి ఆగిన ఇసుక సర్దుకోదు, వదులుగానే ఉండిపోతుంది.

పాత దిబ్బల మీద కొత్త దిబ్బలు కదులుతూ పోతాయి కాబట్టి, గట్టి ఇసుక మధ్యలో కూడా ఒకప్పటి జారుడు ముఖాల అవశేషాలు మెత్తని మడుగుల్లా మిగిలి ఉంటాయి. పైకి వాటికీ గట్టి ఇసుకకూ తేడా కనిపించదు. బాగ్నోల్డ్ బృందం మొదట వీటిలో పదేపదే చిక్కుకుంది. క్రమంగా ఇసుక రంగు, అలల ముడతలు, నీడ చూసి ముందే పసిగట్టడం అలవాటైంది. అనుమానం ఉంటే బండి దిగి, నడిచి, మడమతో నొక్కి చూసేవారు. నేటి డ్రైవర్లు చేసేదీ అదే.

టైరులో గాలి తీస్తే

ఇసుకలోకి దిగే ముందు బృందంలోని ప్రతి బండీ ఆగుతుంది. డ్రైవర్లు చక్రాల పక్కన కూర్చుని గాలి తీస్తారు. కొత్తవారికి ఇది వింతగా ఉంటుంది. దీని వెనక ఉన్న లెక్క సులువు.

రెండు టన్నుల బరువున్న ఒక జీపును తీసుకుందాం. ఒక్కో చక్రం మీద సుమారు 500 కిలోల భారం పడుతుంది. టైరులో 35 పీఎస్ఐ గాలి ఉందంటే ప్రతి చదరపు సెంటీమీటరూ దాదాపు రెండున్నర కిలోలు మోస్తుంది. అంటే నేలను తాకే మేర సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. మనిషి చాచిన చేతి కంటే కాస్త పెద్దదంతే. గాలిని 15 పీఎస్ఐకి తగ్గిస్తే అదే భారం సుమారు 470 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకుంటుంది. టైరు గోడకు సొంత బిగువు ఉంటుంది కాబట్టి అసలు అంకెలు కొంచెం మారతాయి. అయినా ఇసుక మీద పడే ఒత్తిడి సగానికి పైగా తగ్గుతుంది. ఈ విస్తీర్ణంలో ఎక్కువ భాగం పొడవు దిశలోనే పెరుగుతుంది. అందువల్ల చక్రం ఇసుకను ముందుకు తోస్తూ పోకుండా దాని మీదుగా దొర్లిపోతుంది.

ఒంటె పాదంలో ప్రకృతి చేసిందీ ఇదే. కాలు మోపగానే వెడల్పుగా పరచుకునే మెత్తని అరికాలు దాని బరువును పంచుతుంది. అదే ఇసుకలో గుర్రపు డెక్క దిగబడుతుంది.

గాలి తీసిన టైరుతో కొన్ని చిక్కులూ ఉన్నాయి. గట్టి నేల మీద వేగంగా పోతే టైరు గోడలు వంగుతూ లేస్తూ వేడెక్కి పగిలిపోవచ్చు. ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. అందుకే బృందంలో కనీసం ఒక గాలి కంప్రెసర్ ఉంటుంది. రోడ్డు ఎక్కే ముందు అన్ని బండ్లూ మళ్లీ వరుసగా ఆగుతాయి.

తిరిగే చక్రం తవ్వే గొయ్యి

ఇసుకలో బండి నెమ్మదించిందంటే కొత్త డ్రైవరు కాలు తనకు తెలియకుండానే యాక్సిలరేటరును నొక్కుతుంది. అక్కడే బండి చిక్కుతుంది. పొడి ఇసుకకు అతుక్కునే గుణం లేదు. రేణువుల మధ్య ఉన్నది ఘర్షణ మాత్రమే. ఆ ఘర్షణ కూడా పైనున్న బరువును బట్టే ఉంటుంది. చక్రం అంతకు మించి తోస్తే రేణువుల పొర తెగి వెనక్కి ఎగురుతుంది. బండి ముందుకు కదలదు, చక్రం కింద గొయ్యి మాత్రం పెరుగుతుంది. కొద్ది సెకన్లలో బండి అడుగుభాగం ఇసుక మీద కూర్చుంటుంది. ఆ తరువాత చక్రాలకు మోయడానికి బరువే ఉండదు, పట్టు ఉండదు.

అనుభవజ్ఞులు అందుకే చక్రం జారుతోందనిపించగానే కాలు తీసేస్తారు. దిగి, చక్రాల ముందున్న ఇసుకను పారతో తీసి, టైర్లలో మరికొంత గాలి తగ్గించి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి వస్తారు. వచ్చిన జాడ అప్పటికే కుదించిన ఇసుక. బ్రేకు విషయంలోనూ ఇదే జాగ్రత్త. గట్టిగా బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక కట్టలా పోగవుతుంది, మళ్లీ కదలడానికి ఆ కట్టే అడ్డు. బండిని దానంతట అదే ఆగనివ్వాలి. వీలైతే ముక్కు పల్లం వైపు ఉండేలా ఆపాలి.

బాగ్నోల్డ్ దీనికి ఒక పరికరం కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పైకప్పులకు వాడిన ఉక్కు రేకు పలకలు కైరో పాత సామాను దుకాణంలో ఆయన కంట పడ్డాయి. ఒక్కోటి దాదాపు ఐదడుగుల పొడవు. కూరుకుపోయిన వెనక చక్రాల ముందు గాడి తవ్వి వాటిని పెడితే చక్రానికి పట్టు దొరికేది. బండి కదలగానే ఆగకుండా గట్టి నేల దాకా పోయేది. మిగిలినవారు పలకలు మోసుకుంటూ వెనక పరుగెత్తేవారు. ఈ రోజు దిబ్బల యాత్రకు వెళ్లే జీపుల పైన కట్టుకునే రంగురంగుల ప్లాస్టిక్ పలకలు వీటి వారసులే.

సూది నీడ, డబ్బాలో ఆవిరి

దిబ్బల మధ్య దిక్కు తెలుసుకోవడం మరో సమస్య. ఉక్కు బండిలో అయస్కాంత దిక్సూచి సరిగా పనిచేయదు. ప్రతిసారీ బండి ఆపి, దూరంగా నడిచి దిక్కు చూసుకోవాలి. బాగ్నోల్డ్ ఒక గుండ్రటి పలక మీద డిగ్రీల గీతలు గీసి, మధ్యలో నిలువుగా ఒక సూది నిలిపి దాన్ని బండి ముందు అమర్చారు. సూది నీడ ఏ గీత మీద పడుతుందో చూస్తూ నడిపితే దిక్కు తప్పదు. సూర్యుడు కదులుతాడు కాబట్టి పట్టిక చూసి పలకను ఎప్పటికప్పుడు కాస్త తిప్పుకోవాలి. రాత్రి ఆగాక నక్షత్రాల ఎత్తు కొలిచి, రేడియోలో వచ్చే సమయ సంకేతంతో సరిచూసి, పటం మీద తామున్న చోటును గుర్తించేవారు.

నీటి పొదుపు మరింత ముఖ్యం. ఇసుకలో తక్కువ వేగంతో, ఎక్కువ శక్తితో నడిచే ఇంజిన్ త్వరగా మరుగుతుంది. ఆవిరైపోయిన రేడియేటరు నీటిని తాగే నీటితో నింపాల్సి వస్తుంది. బృందం రేడియేటరు మూత బిగించి, ఆవిరి పోయే గొట్టాన్ని బండి పక్కన కట్టిన ఒక డబ్బాలోకి మళ్లించింది. డబ్బాలో సగం దాకా చల్లని నీరు ఉంటుంది. ఆవిరి అందులో చల్లబడి నీరవుతుంది. డబ్బా కూడా మరిగిందంటే బండిని గాలికి ఎదురుగా తిప్పి ఆపాలి. ఇంజిన్ చల్లబడగానే రేడియేటరులో శూన్యం ఏర్పడి డబ్బాలోని నీటిని వెనక్కి పీల్చుకుంటుంది. ఈ రోజు మన కార్ల బానెట్ కింద కనిపించే కూలెంట్ డబ్బా పనిచేసేదీ ఇదే సూత్రం మీద.

నీటి లెక్క ఇంజిన్‌తో ఆగదు. ఎండలో పారపట్టి ఇసుక తీసే మనిషి గంటకు లీటరు దాకా చెమట రూపంలో కోల్పోవచ్చు. కూరుకుపోయిన బండి ఎడారిలో ప్రమాదకరం కావడానికి ఇది ప్రధాన కారణం. బండి ఆగితే మనిషి శ్రమ పెరుగుతుంది, శ్రమ పెరిగితే నీరు తరుగుతుంది.

ఒంటరిగా దిగరాదు

దుబాయ్, అబుదాబీ, మస్కట్‌లలో ఉంటున్న తెలుగువారిలో చాలామందికి వారాంతపు ఎడారి సఫారీ పరిచయమే. రాజస్థాన్‌లోనూ జైసల్మేర్ సమీపంలోని సమ్ దిబ్బల దగ్గర జీపు ప్రయాణాలు పర్యాటకులకు పెద్ద ఆకర్షణ. ఎక్కడైనా మొదటి నియమం ఒకటే. ఒక్క బండితో దిబ్బల్లోకి పోకూడదు.

ముందు అనుభవజ్ఞుడి బండి, చివర తాళ్లు, పారలు, పలకలు ఉన్న మరో అనుభవజ్ఞుడి బండి, మధ్యలో కొత్తవారు. ప్రతి బండికీ పొడవాటి కర్రకు కట్టిన జెండా ఉంటుంది. దిబ్బ అవతలి వైపు ఎక్కుతున్న బండి కనిపించదు, దాని జెండా ముందుగా కనిపిస్తుంది. శిఖరం మీదకు ఒకసారి ఒక్క బండే వెళ్లాలి. అది దిగి, దారి ఖాళీ అని రేడియోలో చెప్పాకే తరువాతిది కదలాలి.

ఎక్కడం, దిగడం రెండూ నిటారుగానే. వాలుకు అడ్డంగా పోతే బండి బరువంతా కింది వైపు చక్రాల మీద పడుతుంది. ఆ చక్రాలు దిగబడి, వాలు మరింత పెరిగి, బండి పక్కకు దొర్లుతుంది. శిఖరం దగ్గర ఊపు తగ్గించుకోవాలి. అవతల ఉన్నది జారుడు ముఖం. వేగంగా దాటితే బండి గాలిలోకి లేచి ముక్కు మీద పడుతుంది. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచి, ఇంజిన్ పట్టుతోనే మెల్లగా జారనివ్వాలి. వెనక భాగం పక్కకు తిరుగుతోందనిపిస్తే బ్రేకు తొక్కకూడదు, స్టీరింగును పల్లం వైపు తిప్పి కాస్త వేగం ఇవ్వాలి.

సెలవు యాత్ర నుంచి గాలి సొరంగానికి

1932లో బాగ్నోల్డ్ ఎనిమిది మంది బృందంతో మరో పెద్ద యాత్ర చేసి సూడాన్ దాకా వెళ్లివచ్చారు. 1935లో సైన్యం నుంచి విరమించుకున్నాక లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఒక గాలి సొరంగం కట్టుకున్నారు. గాజు పలక వెనక ఇసుక పరిచి, గాలి వేగం పెంచుతూ ఒక్కొక్క రేణువు ఎలా కదులుతుందో గమనించారు.

ఇసుక గాలిలో తేలుతూ పోతుందని అందరూ అనుకునేవారు. తేలేది సన్నని దుమ్ము మాత్రమే. ఇసుక రేణువు గెంతుతుంది. నేల నుంచి పైకి లేచి, గాలి తాకిడికి వేగం పుంజుకుని, ఏటవాలుగా వచ్చి నేలను కొడుతుంది. ఆ దెబ్బకు మరికొన్ని రేణువులు ఎగురుతాయి. కాస్త పెద్ద రేణువులు ఎగరలేక, ఈ దెబ్బలకు నేల మీదే ముందుకు పాకుతాయి. అందుకే నిజమైన ఇసుక గాలిలో నిలబడితే మోకాళ్ల దాకా చురుక్కుమంటుంది, తల పైన ఆకాశం మాత్రం తేటగా ఉంటుంది. దిబ్బల గాలి వాలు గట్టిగా ఉండటానికి కారణం కూడా ఈ గెంతే. ప్రతి రేణువూ ఒక చిన్న సుత్తిలా పనిచేస్తుంది.

ఆయన కనుగొన్న మరో సంగతి మరింత విలువైనది. నేలను ఒరుసుకునే గాలి వేగం రెట్టింపైతే అది మోసుకుపోయే ఇసుక రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. 1938లో మళ్లీ లిబియా ఎడారికి వెళ్లి తన లెక్కలను సరిచూసుకుని, 1941లో ఎగిరే ఇసుక, ఎడారి దిబ్బల భౌతికశాస్త్రంపై పుస్తకం ప్రచురించారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఆయనను తిరిగి సైన్యంలోకి రప్పించింది. 1940లో ఈజిప్టులో ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్, సెలవుల్లో నేర్చుకున్న విద్యతోనే శత్రువు వెనక వేల కిలోమీటర్లు తిరిగింది. భారతీయ సైనికులతో ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా తరువాత దానితో కలిసి పనిచేసింది. 1944లో రాయల్ సొసైటీ బాగ్నోల్డ్‌ను సభ్యునిగా ఎన్నుకుంది.

అంగారకుడిపై అదే చిక్కు

2005 ఏప్రిల్‌లో నాసా రోవర్ ఆపర్చునిటీ అంగారకుడిపై ఒక చిన్న ఇసుక దిబ్బలో కూరుకుపోయింది. చక్రాలు తిరిగాయి, బండి కదల్లేదు. దిగి పారపట్టడానికి అక్కడ ఎవరూ లేరు. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజినీర్లు అలాంటి ఇసుక మిశ్రమం తయారుచేసి, నమూనా రోవర్‌ను అందులో దించి, బయటపడే పద్ధతులు వారాల తరబడి ప్రయత్నించారు. చివరకు చక్రాలను కొద్దికొద్దిగా తిప్పుతూ, వచ్చిన జాడలోనే వెనక్కి తెచ్చారు. ఐదు వారాలకు పైగా పట్టింది. దాని జంట రోవర్ స్పిరిట్‌కు ఆ అదృష్టం లేదు. 2009లో మెత్తని నేలలో దిగబడి ఇక బయటపడలేదు. 2010 మార్చి తరువాత దాని సంకేతం అందలేదు.

చంద్రయాన్-3 కోసం ఇస్రో కూడా చంద్రుని నేలను పోలిన మట్టిని ముందే సిద్ధం చేసుకుంది. తమిళనాడులోని నామక్కల్ ప్రాంతపు శిలలను అందుకు వాడారు.

1977లో, ఎనభై ఏళ్లు దాటిన బాగ్నోల్డ్ భూమి, అంగారకుల ఎడారులపై జరిగిన నాసా సదస్సులో కీలకోపన్యాసం ఇచ్చారు. 1990లో ఆయన కన్నుమూశారు. 2015 చివరలో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడిపై ఒక దిబ్బల వరుసను దగ్గరగా పరిశీలించింది. శాస్త్రవేత్తలు ఆ దిబ్బలకు బాగ్నోల్డ్ పేరు పెట్టారు.

థార్‌లో ఒక గుడ్డు, ఒక కొమ్మ

భారత్‌లో దిబ్బల మీద బండి నడిపేవారికి ఇంకో లెక్క కూడా తెలియాలి. మహా ఇసుక సముద్రంలా థార్ నిర్జీవం కాదు. ప్రపంచంలో జనసాంద్రత ఎక్కువగా ఉన్న ఎడారుల్లో ఇది ఒకటి. ఇక్కడి దిబ్బల్లో చాలా వాటిని ఫోగ్ పొదలు, సేవన్ గడ్డి పట్టి ఉంచుతున్నాయి. పొదలు పోతే దిబ్బ కదులుతుంది. కదిలే దిబ్బ పొలాల మీదకు, బావుల మీదకు, రోడ్ల మీదకు వస్తుంది.

జోధ్‌పూర్‌లో 1952లో మొదలై, 1959లో కేంద్ర శుష్క ప్రాంత పరిశోధన సంస్థగా రూపుదిద్దుకున్న కేంద్రం ఈ దిబ్బలను నిలపడానికి పద్ధతులు రూపొందించింది. ముందు పశువులు, మనుషులు తిరగకుండా కంచె. తరువాత ఎండుకొమ్మలు, పొదలతో ఇసుకలో వరుసలుగా, గళ్లుగా చిన్న అడ్డుకట్టలు. వాటి చాటున గడ్డి, చెట్ల మొక్కలు. మోకాలెత్తు కూడా లేని కొమ్మల వరుస దిబ్బను ఎలా ఆపుతుంది? గాలి సొరంగం చెప్పిన లెక్కే ఇక్కడ పనిచేస్తుంది. నేల దగ్గర గాలి వేగం సగానికి తగ్గితే అది మోసే ఇసుక సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ వేగం రేణువును లేపలేనంతగా తగ్గితే ఇసుక అసలు కదలదు. రేణువులు గెంతేది కూడా నేలకు దగ్గరగానే కాబట్టి పొట్టి అడ్డుకట్ట సరిపోతుంది.

ఇలా నిలిచిన దిబ్బ మీదుగా ఒక జీపు పోతే కొమ్మల వరుస విరుగుతుంది, వేళ్లు తెగుతాయి, ఏళ్ల తరబడి గట్టిపడిన పైపొర పగులుతుంది. గాలి ఆ పగులు దగ్గర తవ్వడం మొదలుపెడుతుంది. థార్ ప్రజలు ఖేజ్రీ అని కొలిచే చెట్టు తెలుగువారి జమ్మి చెట్టే. రాజస్థాన్‌కూ తెలంగాణకూ అది రాష్ట్ర వృక్షం. లోతైన వేళ్లతో నీటిని అందుకునే ఆ చెట్టు కూడా మొలకగా ఉన్నప్పుడు ఒక టైరు బరువును తట్టుకోలేదు.

మరో ప్రాణి పరిస్థితి ఇంకా సున్నితం. బట్టమేక పిట్ట సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. గూడు కట్టదు, బయలు నేల మీదే పెడుతుంది. ఒకప్పుడు ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు గడ్డి మైదానాల్లో ఈ పిట్ట కోసమే అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇప్పుడు అక్కడ అది దాదాపు కనుమరుగైంది. దేశంలో మిగిలిన కొద్ది పిట్టల్లో ఎక్కువ భాగం జైసల్మేర్ పరిసరాల్లోనే ఉన్నాయి. సమ్ దిబ్బలకు దగ్గర్లోనే 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానం ఉంది. నేల రంగులో కలిసిపోయే ఆ గుడ్డు బండి నడిపేవారికి కనిపించదు.

అందుకే బాధ్యత తెలిసిన బృందాలు కదిలే, మొక్కలు లేని దిబ్బలనే ఎంచుకుంటాయి. పొదలున్న చోట, రక్షిత ప్రాంతాల్లో అడుగు పెట్టవు. ఉన్న జాడను వదిలి కొత్త జాడ వేయవు.

బట్టదిబ్బ మీద టైరు గుర్తును ఒక్క గాలివాన చెరిపేస్తుంది. దిబ్బల మధ్య ఉండే గులకరాళ్ల మైదానం అలా కాదు. పైనున్న రాళ్ల పొర ఒకసారి నలిగితే దాన్ని తిరిగి పేర్చే గాలి లేదు. లిబియా ఎడారిలోని అలాంటి మైదానాల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి లారీల చక్రాల జాడలు దశాబ్దాల తరువాత కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎక్కడ చక్రం దిగబడదో చూసుకోవడంతో పాటు, ఎక్కడ దాని జాడ చెరగదో కూడా చూసుకుని నడపడమే దిబ్బల మీద అసలైన నేర్పు.